‘లైన్ క్లియర్’ అంటే రమ్మనా, రావద్దనా?

రైల్వేలో ‘లైన్ క్లియర్’ ఇచ్చారంటే రైలు బయల్దేరవచ్చని అర్థం. కరెంటు శాఖలో ‘లైన్ క్లియర్’ ఇచ్చారంటే ఆ తీగలోకి ఇక కరెంటు రాదని అర్థం. మాట ఒకటే. విశాఖపట్నంలో రెండు చోట్లా రోజూ వినిపించేదే. ఒకచోట అది విని ఇంజిన్ కదులుతుంది, ఇంకోచోట అది విని మనిషి స్తంభం ఎక్కుతాడు.

కొత్తవలస నుంచి అరకు మీదుగా కిరండూల్ వెళ్ళే రైలు దారిని విశాఖలో అందరూ కేకే లైన్ అనే అంటారు. బైలదిల్లా కొండల్లోని ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు దించి జపాన్‌కు ఎగుమతి చేయడం కోసం 1960ల్లో వేసిన లైన్ అది. ఇలాంటి ఘాట్ దారిలో ఒకే పట్టా ఉన్నచోట, రెండు స్టేషన్ల మధ్య ఒకసారికి ఒక్క రైలే ఉండాలి. అందుకే స్టేషన్ మాస్టర్ రైలును వదిలేముందు అవతలి స్టేషన్‌ను అడుగుతాడు. అటునుంచి ఏ రైలూ రావడం లేదని, ముందు వెళ్ళిన రైలు చేరిపోయిందని చూసుకుని అవతలివాళ్ళు లైన్ క్లియర్ ఇస్తారు. ఇక్కడ లైన్ అంటే రెండు స్టేషన్ల మధ్య ఉన్న ఆ పట్టాల జాగా. క్లియర్ అంటే అది ఖాళీగా ఉంది, పంపండి అని.

లైన్‌మన్ సంగతి వేరు. 11 కేవీ తీగ మీద పని పడితే ముందు సబ్‌స్టేషన్‌కు ఫోన్ చేసి ‘ఎల్‌సీ’ తీసుకోవాలి. ఎల్‌సీ అంటే లైన్ క్లియరే. ఆపరేటర్ ఆ ఫీడర్‌ను ఆపి, రిజిస్టర్‌లో రాసుకుని ఎల్‌సీ ఇస్తాడు. స్తంభం మీద మనిషి దిగి, ఎల్‌సీ తిరిగి అప్పగించేదాకా ఆ స్విచ్ మీద ఎవరూ చెయ్యి వేయకూడదు. ఎల్‌సీ చేతికొచ్చినా తీగను ఎర్త్ చేయకుండా ముట్టుకోకూడదంటారు. పక్క వీధిలో ఎవరింట్లోనో జనరేటర్ సరిగ్గా విడదీయకపోతే కరెంటు వెనక్కి తన్నే ప్రమాదం ఉంటుంది మరి. ఇక్కడ లైన్ అంటే తీగ. క్లియర్ అంటే ఇక్కడా ఖాళీయే. కాకపోతే ఈ ఖాళీలోకి ఏమీ రాకూడదు.

మామూలు మాటల్లోకి వచ్చింది మాత్రం రైల్వే వాళ్ళ అర్థమే. పెళ్ళికి ఇంట్లో ఒప్పుకున్నా, బ్యాంకులో లోన్ మంజూరైనా ‘లైన్ క్లియర్’ అయినట్టే. కరెంటు వాళ్ళ అర్థం స్తంభం దగ్గరే ఆగిపోయింది.

మనకు బడిలో ‘లైన్ అంటే గీత’ అని నేర్పిస్తారు. చిక్కు అక్కడే మొదలవుతుంది. గీత నుంచి బయల్దేరితే రైలు లైన్, కరెంటు లైన్, ఫోన్ లైన్, సింహాచలం క్యూలైన్, ‘లైన్ వేయడం’ అన్నీ దేనికదే విడివిడిగా కనిపిస్తాయి. ఇంగ్లీషులో ఇంతకన్నా ఎక్కువ అర్థాలున్న మాటలు లేకపోలేదు. ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు మొదటి కూర్పులో అన్నిటికంటే పెద్ద పద్దు ‘సెట్’ అనే చిన్న మాటది. అయితే సెట్‌లా చెదిరిపోయిన మాట కాదు లైన్. దీని అర్థాలన్నిటికీ ఒక మొదలుంది. ఆ మొదలు గీత కాదు, దారం.

ఇంగ్లీషు లైన్‌కు మూలం లాటిన్ ‘లీనియా’. లీనియా అంటే నార దారం. ఆ నార వచ్చేది ‘లీనుమ్’ అనే మొక్క నుంచి. తెలుగులో దాన్ని అవిసె అంటాం. ఆరోగ్యానికి మంచివని ఈమధ్య అందరూ కొంటున్న అవిసె గింజలు ఆ మొక్కవే. (పువ్వులు కూర వండుకునే అవిసె చెట్టు వేరు. పేరొక్కటే, బంధుత్వం లేదు.) లినెన్ చొక్కాకు ఆ పేరు రావడం సూటిగానే కనిపిస్తుంది. లైనింగ్ అలా కాదు. పూర్వం యూరప్‌లో బట్టల లోపలివైపు నార బట్ట పొర వేసి కుట్టేవారు కాబట్టి ఆ పొరకు లైనింగ్ అని పేరు వచ్చింది. పూర్ణా మార్కెట్ వైపు ఏ టైలరైనా ‘జాకెట్టుకి లైనింగ్ వేయమంటారా’ అని అడిగితే, అందులో నార లేకపోయినా నార పేరు మాత్రం ఉన్నట్టే.

దారాన్ని రెండు కొసలూ పట్టి లాగితే తిన్నగా నిలుస్తుంది. దాని వెంబడి గీస్తే గీత. దాని వెంబడి నిలబెడితే వరస. అది పోయే వైపు నడిస్తే దారి. తాపీ మేస్త్రి రోజూ చేసే పని ఇదే. మధురవాడలో లేస్తున్న ఏ అపార్ట్‌మెంట్ దగ్గర చూసినా, గోడకు రెండు కొసలా మేకులు కొట్టి దారం లాగి కట్టి, దాని వెంటే ఇటుక పేర్చుకుంటూ పోతారు. ‘లైన్ తప్పింది’ అని మేస్త్రి అరిస్తే ఇటుక ఆ దారం నుంచి పక్కకు జరిగిందని అర్థం. గీత ఎక్కడా లేదు.

మన దగ్గరా ఇలా దారంతో మొదలై ఎక్కడికో పోయిన మాటలు ఉన్నాయి. ‘సూత్రం’ అంటే అసలు అర్థం దారం. మంగళసూత్రంలో అది ఇంకా దారమే. గణిత సూత్రంలో నియమమైంది. సూత్రధారి దగ్గరికి వచ్చేసరికి నాటకం మొత్తం నడిపించేవాడైంది. వీణ తీగను చెప్పే ‘తంతి’ టెలిగ్రాఫ్ తీగకు పేరై, చివరికి ఆ తీగ మీద వచ్చిన కబురుకే పేరైపోయింది. 2013 జులైలో మన దేశంలో టెలిగ్రామ్ సర్వీసు ఆపేసేదాకా ‘తంతి వచ్చింది’ అంటే కబురు వచ్చిందనే. తంతి ప్రయాణమూ లైన్ ప్రయాణమూ దాదాపు ఒకటే, భాషలే వేరు.

తాడు అర్థంలోనే లైన్ ఇంకా బతికి ఉన్న చోటు సముద్రం. 1933లో తెరిచిన విశాఖ రేవులో ఇప్పటికీ ఓడలను లైన్లతోనే కడతారు. ఓడ మీద పనిలో ఉన్న తాడును నావికులు లైన్ అంటారు. ఓడ ముందుభాగం నుంచి వచ్చేది హెడ్‌లైన్, వెనక నుంచి వచ్చేది స్టెర్న్ లైన్, ముందుకూ వెనక్కూ జారకుండా పట్టేది స్ప్రింగ్ లైన్. మణికట్టంత లావు మోకును ఎవరూ విసరలేరు. అందుకని కొసన బరువు కట్టిన సన్నని తాడును ముందు గట్టు మీదకు విసురుతారు. దాన్ని పట్టుకుని లాగితే వెనకే పెద్ద మోకు వస్తుంది. ఊళ్ళోవాళ్ళకు హెడ్‌లైన్ అంటే పేపర్ పైన పెద్ద అక్షరాలు, రేవులో మాత్రం అది గట్టు మీది బొలార్డుకు, అంటే ఇనుప గుంజకు తగిలించే మోకు. కూలి జనానికి రెండో హెడ్‌లైనే ముఖ్యం. అది తెగితే మీదపడి మనిషిని చంపగలదు.

లైన్‌కు దారి అన్న అర్థం కూడా ఓడలతోనే బాగా తెలుస్తుంది. ఒకే దారిలో, ముందే ప్రకటించిన వేళలకు తిరిగే ఓడ లైనర్. ఎక్కడ సరుకు దొరికితే అటు పోయేదాన్ని ట్రాంప్ అంటారు, అంటే తిరుగుబోతు. కంటైనర్ ఓడలు ఎక్కువగా మొదటి రకం. వాటిని నడిపే కంపెనీలనే షిప్పింగ్ లైన్లు అంటారు.

ఓడ పక్కన కనిపించే గీత ఇంకొకటి. శామ్యూల్ ప్లిమ్సాల్ అనే బ్రిటిష్ పార్లమెంటు సభ్యుడు పోరాడి 1876 చట్టంతో తెప్పించిన లోడ్ లైన్ అది. యజమానులు పాత ఓడల్లో మోయలేనంత సరుకు ఎక్కించి ఇన్సూరెన్స్ చేయించేవారు. ఓడ మునిగితే సొమ్ము వచ్చేది, నావికులు పోయేవారు. నీళ్ళు ఈ గీతను దాటకూడదన్న నియమం అలా వచ్చింది. ఇప్పుడు ఓడ మీద ఒక గీత కాదు, చిన్న నిచ్చెనలా పలు గీతలుంటాయి. మంచినీళ్ళకు ఒకటి, ఉష్ణమండల సముద్రానికి ఒకటి, వేసవికీ చలికాలానికీ చెరొకటి. ఉప్పు తక్కువైతే ఓడ ఎక్కువ మునుగుతుంది, చలికాలపు సముద్రంలో అలల పోటు ఎక్కువ కదా. డాల్ఫిన్స్ నోస్ కొండ కింద నుంచి ఖాళీగా లోపలికొచ్చే ఓడకు ఈ గీతలన్నీ నీళ్ళ పైన కనిపిస్తాయి. ఖనిజం నింపుకుని వెళ్ళేటప్పుడు దాదాపు నీళ్ళ అంచున ఉంటాయి.

ఫిషింగ్ హార్బర్‌లో లైన్ అంటే గాలం తాడు. సూర చేపల కోసం వేసే లాంగ్ లైన్‌లో ఒక పొడవాటి తాడుకు కొమ్మల్లా బోలెడన్ని చిన్న తాళ్ళు, ఒక్కోదానికి ఒక్కో గాలం ఉంటాయి. వలకు చిన్నా పెద్దా అన్నీ పడతాయి, లాంగ్ లైన్‌కు ఎరను మింగగలిగినవే పడతాయి.

ఇక్కడో చిన్న తెలుగు సంగతి ఉంది. మత్స్యకారులు లైన్ వేస్తారు. కరెంటు శాఖ లైన్ వేస్తుంది. రైల్వే లైన్ వేస్తుంది. ఆర్కే బీచ్‌లో కుర్రాడూ లైన్ వేస్తాడు. నాలుగింటికీ క్రియ ఒకటే. ‘మా వీధిలో కొత్త లైన్ వేశారు’ అంటే ఎవరూ కంగారుపడరు. ‘మా వీధిలో అమ్మాయికి లైన్ వేస్తున్నాడు’ అంటే వీధంతా కిటికీల్లోకి వస్తుంది. తేడా ‘కి’ దగ్గర ఉంది. కుర్రాడి లైన్‌ను గాలం లైన్ పక్కన పెట్టి చూస్తే నవ్వొస్తుంది. ఆశపెట్టి రాబట్టడాన్ని ‘గాలం వేయడం’ అని తెలుగులో ఎప్పటినుంచో అంటున్నదే. ఇంగ్లీషు మాట వచ్చి ఆ పాత క్రియ పక్కనే కూర్చుంది.

లైన్ విషయంలో అర్థం తేల్చేది చాలాసార్లు ఆ మాట కాదు, దాని తోక. ‘లైన్లో ఉన్నా’ అంటే రేషన్ షాపు ముందు నిలబడ్డానని కావచ్చు, ఫోన్ పెట్టేయలేదని కావచ్చు. ‘లైన్లోకి వచ్చాడు’ అంటే కాల్‌లో కలిశాడు, లేదా దారికొచ్చాడు. ‘లైన్లో పెట్టారు’ అంటే వరసగా నిలబెట్టారు, లేదా అల్లరివాణ్ణి అదుపులోకి తెచ్చారు. ‘ఆ లైన్లో ఉన్నాడు’ అనగానే వృత్తి అయిపోతుంది. ఫార్మా లైన్, షిప్పింగ్ లైన్, సినిమా లైన్. అదే సినిమా లైన్‌లో ‘లైన్ చెప్పాడు’ అంటే కథను నాలుగు మాటల్లో చెప్పాడని. ఇంగ్లీషులో ఈ పనిని మాట ముందు చేరే చిన్న ముక్కలు చేస్తాయి. తెలుగు దాన్ని లో, కి, మీద లాంటి విభక్తులకు అప్పజెప్పింది. అరువు మాటను లోపలికి రానిచ్చాక దాన్ని పూర్తిగా మన వ్యాకరణంలో పనికి పెట్టడం అంటే ఇదే. తెలుగు పాడైపోతోందని బెంగపడేవాళ్ళు ఈ సంగతి అంతగా పట్టించుకోరు.

క్యూలైన్ అనే మాట ఇంకా తమాషా. బ్రిటిష్ వాళ్ళు క్యూ కడతారు, అమెరికన్లు లైన్లో నిలబడతారు. రెండూ ఒకే పనికి పేర్లు. క్యూ ఫ్రెంచి నుంచి వచ్చింది, తోక అని దాని అర్థం. మనవాళ్ళు రెండిటినీ కలిపి క్యూలైన్ అన్నారు. అక్షయ తృతీయ నాడు సింహాచలంలో చందనోత్సవానికి, ఏడాదికి ఒక్కరోజు దొరికే నిజరూప దర్శనం కోసం కొండ మీద క్యూలైన్లు కిటకిటలాడతాయి. ఒకే మాటను రెండుసార్లు అన్నట్టు తప్పుగా అనిపించినా ఈ జంట మాట ఊరికే పుట్టలేదు. తెలుగువాళ్ళకు క్యూ అంటే మనుషుల గుంపు, క్యూలైన్ అంటే ఆ మనుషుల్ని నడిపించే ఇనుప కమ్మీల దారి. ‘క్యూలైన్లు ఏర్పాటు చేశారు’ అంటే జనం ఇంకా రాలేదు, కమ్మీలు పాతారు. ఈ తేడా ఇంగ్లీషులో ఏ ఒక్క మాటకూ లేదు.

లేన్ విషయంలో మాత్రం తికమకే. ద్వారకానగర్‌లో వీధులకు ఫస్ట్ లేన్, థర్డ్ లేన్ అని పేర్లు. గుంటూరు బ్రాడీపేటలో అలాంటి వీధులే లైన్లు. లేన్ అంటే ఇంగ్లీషులో సందు, లైన్‌తో దానికి సంబంధం లేదు. కానీ విశాఖలో ఆటో ఎక్కి ‘ఫస్ట్ లైన్’ అన్నా సరైన చోటే దింపుతారు. పేపర్లలోనూ ‘ఆరు లేన్ల రహదారి’ ఒకరోజు, ‘ఆరు లైన్ల రహదారి’ ఇంకోరోజు, ‘ఆరు వరుసల రహదారి’ మూడోరోజు. మూడోది అచ్చ తెలుగు, మంచి మాట కూడా. అయినా మాట్లాడేటప్పుడు ఎవరి నోటా రాదు.

వరస అనగానే ఒక విషయం. ఇంగ్లీషులో లైన్‌కు వంశం అనే అర్థం ఉంది. తెలుగు వరసకు బంధుత్వం అనే అర్థం ఉంది. రెండు భాషలూ ఒకే దారిలో నడిచాయి కాబట్టే ఇక్కడ లైన్ అడుగు పెట్టలేకపోయింది. ‘మీకు ఏ లైన్ అవుతాడు?’ అని ఎవరూ అడగరు, ‘ఏ వరస అవుతాడు?’ అంటారు. చేతిలోవి గీతలే, జాతకం చెప్పేవాడి నోట కూడా లైన్లు కావు. ముగ్గులోవీ గీతలే. పద్యంలోవి పాదాలు. ప్రభుత్వ కాగితాల్లో దారిద్ర్య రేఖ, నియంత్రణ రేఖ. లైన్ గెలిచినవి చూస్తే రైలు, కరెంటు, ఫోన్, పైపు, అసెంబ్లీ లైన్. యంత్రంతో వచ్చినచోట లైన్ నిలిచింది. చేతితో గీసేవి, నుదుట రాసేవి పాత పేర్లతోనే ఉన్నాయి.

రుషికొండ ఐటీ ఆఫీసుల్లో టెన్షన్ పెట్టే డెడ్‌లైన్ పుట్టుక మాత్రం జైల్లో. అమెరికా అంతర్యుద్ధంలో, 1864లో, జార్జియాలోని ఆండర్సన్‌విల్ యుద్ధఖైదీల శిబిరంలో గోడకు లోపల ఒక హద్దు పెట్టారు. దాన్ని దాటిన ఖైదీని కాల్చేసేవారు. మన ‘గడువు’ అంత క్రూరమైన మాట కాదు. అందుకేనేమో మేనేజర్లు దాన్ని వాడరు.

ఆటల్లో ఇంకో ప్రశ్న. గీత ఎవరిది? టెన్నిస్‌లో బంతి గీత మీద పడితే లోపలే. ఫుట్‌బాల్‌లో బంతి మొత్తం గీతను దాటితేనే గోల్. క్రికెట్‌లో బ్యాట్ క్రీజు గీత మీద ఆగితే రనౌట్, గీత దాటి లోపలికి రావాలి. పీఎం పాలెం స్టేడియంలో, 2005 ఏప్రిల్ 5న పాకిస్తాన్ మీద ధోనీ 148 కొట్టిన చోట, బౌలర్లు లైన్ తప్పారని తెలుగు కామెంటరీ చెబితే అది కళ్ళకు కనిపించని లైన్, బంతి వచ్చే దారి. బౌండరీ లైన్ అంటే మాత్రం ఇప్పుడు చాలా మైదానాల్లో నేల మీద పరిచిన తాడే. లాటిన్ వాడు చూస్తే గుర్తుపట్టేవాడు.

నేల మీద లేని లైన్ ఒకటి విశాఖ తీరాన్ని ఏలుతోంది. 1991 నాటి తీరప్రాంత నియంత్రణ నోటిఫికేషన్ ప్రకారం, పోటు నీళ్ళు చేరే హై టైడ్ లైన్ నుంచి లోపలికి 500 మీటర్ల దాకా ఏది కట్టాలన్నా షరతులుంటాయి. తర్వాత నియమాలు మారుతూ వచ్చాయి, కొలత మొదలయ్యేది మాత్రం ఆ లైన్ దగ్గరే. అది మ్యాపులో ఉంటుంది. ఇసుక కోసుకుపోతే, గోడ కడితే సముద్రం తన చోటు మార్చుకుంటుంది, మ్యాపు వెంటనే మారదు. పోటూ పాటూ చూసి పడవ తోసే మత్స్యకారుడికి ఆ లైన్ రోజుకు రెండుసార్లు ఎదురవుతుంది, కట్టడానికి అనుమతి అడిగేవాడికి కాగితం మీద ఒకేసారి. గొడవలు వచ్చేది ఈ రెండిటి మధ్యనే.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ దగ్గర తీరం దాటినప్పుడు లైన్లన్నీ ఒక్కసారే పోయాయి. స్తంభాలు ఒరిగాయి, టవర్లు పడ్డాయి, రైళ్ళు ఆగాయి, కుళాయిలు ఎండాయి. తర్వాత రోజుల్లో ఊళ్ళో ఎవరు ఎదురుపడినా అడిగింది ‘లైనొచ్చిందేటి?’ అనే. ‘ఏ లైను?’ అని తిరిగి అడగాల్సి వచ్చేది. కరెంటుదా, ఫోన్‌దా, నీళ్ళదా? పెట్రోల్ బంకుల ముందు మాత్రం లైన్ తెల్లారకముందే ఉండేది.